చీకటి పెట్టెలో నాలుగు వేలు

ఆ ఉదయం ఇంజనీరమ్మ అనుకున్న పని చిన్నదే. అంతరిక్ష టెలిస్కోపులో బిగించబోయే డిటెక్టరుని చీకటి పెట్టెలో చివరిసారి పరీక్షించి, సంతకం పెట్టి, పన్నెండింటికి వ్యాను ఎక్కించాలి. అది వెలుతురుని ఒక్కొక్క కణంగా లెక్కపెట్టే యంత్రం. చీకట్లో సెకనుకి ఇరవై దాటకూడదు. ఆమె స్విచ్ వేసింది. తెర మీద నాలుగు వేలు కనిపించింది.

కరెంటు ఉండగా మామూలు వెలుతురు పడితే చాలు, డిటెక్టరు కాలిపోతుంది. నిన్న సాయంత్రం మూత తీసే ముందు స్విచ్ ఆపిందా? ఆపే ఉంటుంది. నిజంగా ఆపిందా? ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. దాన్ని తయారుచెయ్యడానికి ఆరేళ్లు పట్టింది, రెండోది లేదు.

"పెట్టెకి ఎక్కడో చిల్లు పడుంటుంది మేడమ్," అన్నాడు టెక్నీషియన్.

"నీ నోట్లో చక్కెర పొయ్యా! వెతుకు."

స్విచ్ ఆపిందో లేదో మూడుసార్లు చూసుకుని, లైట్లన్నీ వేసి, మూత తెరిచి టార్చితో మూలమూలా గాలించారు. చిల్లు లేదు. అయినా అతుకులన్నిటికీ నల్ల టేపు చుట్టి మళ్లీ స్విచ్ వేశారు. ఏడు వేలు.

"తగ్గాల్సింది పోయి పెరిగిందేంటండీ!"

"అది తెలిస్తే నీ మొహం ఎందుకు చూస్తాను?" అంది.

అంతలో పెద్దసారు వచ్చారు. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూసే మనిషి. ల్యాబులో ఆయన హెచ్చరిక లేబులు అంటించని గోడ లేదు.

"ఏమ్మా, ఇంకా అవలేదా?"

"కాస్త వేడెక్కాలి సార్."

"అది చల్లగా ఉంటేనే కదమ్మా పనిచేసేది?"

ఆమె తెర ముందునుంచి పక్కకి జరిగింది. సారు తెర చూశారు, పాలిపోయారు. స్విచ్ ఆపించి, పెద్ద దీపం తెప్పించి పెట్టె లోపల పది నిమిషాలు తానే వెతికారు. మళ్లీ మూత వేసి చూస్తే ఇరవై వేలు! బయటి వెలుతురే దూరుతోందేమోనని బిల్డింగు మొత్తానికి కరెంటు ఆపించారు. కిటికీల్లేని ల్యాబు చిమ్మచీకటైంది, లిఫ్టులో ఎవరో కేకలు పెట్టారు. డిటెక్టరు, తెర బ్యాటరీ మీద నడుస్తున్నాయి; లెక్క మాత్రం ఇంకా వేలల్లోనే ఉంది.

ఇక ఆమె వల్ల కాలేదు. "సార్, నేనే కాల్చేశాను. నిన్న స్విచ్ ఆపడం మర్చిపోయుంటాను," అని ఆ చీకట్లోనే ఏడ్చేసింది.

"ఏడవకమ్మా. స్విచ్ ఆపి మూత తియ్యి, చూద్దాం," అన్నారు సారు.

స్విచ్ ఆపి, తడుముకుంటూ మూత ఎత్తింది. ఇంతసేపూ పెట్టెలోనే వెతికి ఎవరూ చూడని మూత లోపలివైపు పచ్చగా అక్షరాలు మెరిశాయి. 'హెచ్చరిక: వెలుతురు తగలరాదు.'

ఇద్దరూ సారు వైపు తిరిగారు.

"అది... నిన్న రాత్రి నేనే అంటించానమ్మా," అన్నారు పెద్దసారు. "చీకట్లో కూడా కనబడాలని మెరిసే కాగితం తెప్పించాను. లైటు ఎంత పడితే అంత బాగా మెరుస్తుందన్నాడు షాపువాడు."

లేబులు పీకేశాక లెక్క పద్దెనిమిదికి దిగింది. వ్యాను గంట ఆలస్యంగా కదిలింది. నివేదికలో 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో పెద్దసారు స్వహస్తాలతో రాశారు: అదనపు జాగ్రత్త.