రబ్బరు బ్యాండు కింది ముగింపు

ఆ శనివారం పొద్దున కోడలి ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇంటికి రావాలి, నవలకు వేసిన రబ్బరు బ్యాండు విప్పాలి, ఆఖరి అధ్యాయం చదవాలి, పుస్తకం అత్తగారి చేతిలో పెట్టాలి. అంతే.

ఈ రబ్బరు బ్యాండు సంగతి ముందే చెప్పాలి. కోడలు పగలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. మిగతా టైములో కథలు రాస్తుంది, ఎవరికీ చూపించదు. రాయడం ఎవరూ నేర్పలేదు, పుస్తకాల దగ్గరే నేర్చుకుంటోంది. ఏ నవలైనా ఆఖరి అధ్యాయం దాకా చదివి ఆగిపోతుంది. ఆ అధ్యాయాన్ని ఖాకీ కాగితంతో చుట్టి, బ్యాండు వేసి, ముగింపు తనే రాస్తుంది. దాన్ని పుస్తకం సైజులో, అదే రకం అక్షరాల్లో ప్రింటు తీసి ఆ కట్టకు ముందు పెడుతుంది. చేతిరాతలో ఉంటే తన మీద తనకే జాలి పుడుతుందట, అచ్చులో ఉంటే పుట్టదట. అప్పుడు బ్యాండు విప్పి అసలు రచయిత ఏం చేశాడో చూస్తుంది. దాదాపు ప్రతిసారీ చెంపలేసుకుంటుంది. ఆ చెంపలేసుకోవడమే ఆమె చదువు.

అత్తగారు రిటైరైన హెడ్ నర్సు. లైబ్రరీ చదువరుల బృందంలో చేరారు. ఆ సాయంత్రం నవల గురించి మాట్లాడే వంతు మొదటిసారి ఆవిడది. అంతకుముందు ఎప్పుడూ ఒక రిటైర్డ్ లెక్చరరే మాట్లాడేవారు. ఒక్క మాటకు మూడు వివరణలు తగిలిస్తారు కాబట్టి వెనకాల అందరూ ఫుట్‌నోట్ గారంటారు. హాస్పిటల్ చార్టు చదవడం వేరు, నవల చదవడం వేరమ్మా అని కిందటి మీటింగులో ఆయన అన్న దగ్గర్నుంచి అత్తగారు నైట్ డ్యూటీ చేసినంత పట్టుదలగా చదువుతున్నారు. ఇంట్లో ఉన్నది ఒకటే కాపీ. పగలు ఆవిడది, రాత్రి కోడలిది. ఆవిడకింకా రెండు అధ్యాయాలున్నాయి, భోజనం చేసి ఓ కునుకు తీశాకగానీ పుస్తకం పట్టుకోరని కోడలి లెక్క.

మధ్యాహ్నం కాకుండానే ఫోను వచ్చింది.

"అయిపోయిందే," అన్నారు అత్తగారు, ముక్కు చీదుకుంటూ. "ఆ గడియారాలు బాగుచేసే ఆవిడ కొట్టు తలుపు అలా తెరిచే వదిలేసి వెళ్లిపోతుంది చూడు, అక్కడ ఏడుపాగలేదనుకో."

కోడలు కుర్చీలోంచి లేచింది. ఆ తలుపు తెరిచి వదిలేసింది రచయిత కాదు, తన ముగింపులో తను.

"అత్తయ్యా, ఒక్క నిమిషం, ఆ పేజీలు..."

"ఆ, అవే. పుస్తకం దొరకనివాళ్లు అడిగారని ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేశా. చివర్లో ఏదో ఖాకీ కట్ట ఉంది, ప్రకటనలేమో. ఉంటానే, చీర ఇస్త్రీ చేసుకోవాలి."

మళ్లీ చేస్తే ఎత్తలేదు. పరీక్ష కోసం వేసిన ఉత్తుత్తి సరుకును జనం వాడే సిస్టమ్‌లో వదిలేయడం కన్నా పెద్ద పాపం టెస్టర్ల లోకంలో లేదు. ఈసారి ఆ పాపం అత్తగారి నెత్తిన పడబోతోంది. లేని ముగింపు గురించి ఆవిడ నిండు సభలో మాట్లాడతారు, ఫుట్‌నోట్ గారు నవ్వుతారు, ఆవిడ మళ్లీ లైబ్రరీ మెట్లెక్కరు.

అత్తయ్యగారికి అర్జెంటని మేనేజరుకు చెప్పి పరిగెత్తింది. మేనేజరు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. కింది అంతస్తులో పనిచేసే ఆమె భర్తకు ఫోన్ చేశాడు. ఒక అంతస్తు దిగేసరికి అర్జెంటు కాస్తా సీరియస్ అయింది.

ఇంటికి తాళం. తన తాళంచెవితో తీసి చూస్తే అత్తగారూ లేరు, పుస్తకమూ లేదు. ఆవిడ ముందే వెళ్లిపోయారు. కోడలు వచ్చిన కాళ్లతోనే లైబ్రరీకి పరిగెత్తింది.

గ్రూపులో ఫొటోలు చూసి సాయంత్రం దాకా ఆగలేక అందరూ అప్పటికే చేరారు, సభ రెండు ముక్కలైంది. సొంత పుస్తకాలున్నవాళ్లు ఒక పక్క, ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఒక పక్క. ఒకరు దొంగ ముద్రణ అంటున్నారు, ఒకరు రెండో ముద్రణలో మార్చారంటున్నారు, లైబ్రేరియన్ ప్రచురణకర్త ఫోన్ నంబరు వెతుకుతున్నాడు. మధ్యలో అత్తగారు ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చున్నారు.

"ఆవిడ వెళ్లదండీ," ఫుట్‌నోట్ గారు పుస్తకం పైకెత్తారు. "తలుపు వేసుకుని, లోపలే కూర్చుని, ఆగిపోయిన గడియారానికి కీ ఇస్తుంది."

కోడలు చెవులు మూసుకుంది గానీ ఆలస్యమైంది. దాచిపెట్టుకున్న ముగింపు కాస్తా తెలిసిపోయింది.

అప్పుడే భర్త, ఆమె లైబ్రరీ వైపు పరిగెత్తిందని వీధి చివర ఎవరో చెబితే, ఆఫీసు బీపీ మిషను చంకలో పెట్టుకుని, "అమ్మకెలా ఉంది?" అంటూ రొప్పుతూ లోపలికొచ్చాడు. అమ్మ నిక్షేపంగా ఉంది. కోడలికిక వేరే దారి కనపడలేదు.

"ఆ పేజీలు నేను రాసినవి," అంది కోడలు. "అత్తయ్యకి తెలీదు."

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తెలియకేం? పుస్తకమంతా గడియ పెట్టి, మళ్లీ లాగి చూసుకునే మనిషి, చివర్లో బార్లా తీసి పోతుందా? అలా పోయేది నాకు తెలిసి ఒక్కతే." భర్త తెలియకుండానే తలూపాడు. "ప్రకటనలనుకున్నానంటే నమ్మావా? బ్యాండు విప్పి అదీ చదివా. పేరు చెబితే నా కోడలని మొహమాటపడతారు. చెప్పకపోతే నిజం మాట్లాడతారు. రచయిత రాసింది కాదని ఇక్కడ సగం మంది కనిపెట్టలేదు."

కిందటిసారి చార్టు మాట అన్న ఫుట్‌నోట్ గారు కుర్చీలో కూలబడ్డారు. తెచ్చిన బీపీ మిషను వృథా పోలేదు, అత్తగారే ఆయన చేతికి పట్టీ చుట్టారు.

"ఇంతకీ ఏది బాగుందంటారు?" అని ఆయన నీరసంగా అడిగారు.

"రచయితదే. అనుమానమేముంది? ఆ తలుపుల సంగతి మా పిల్ల పట్టుకోలేకపోయింది, ఇప్పుడు పట్టుకుంటుంది." ఆవిడ గాలి బుడ్డి నొక్కారు. "ఏడుపొచ్చింది మాత్రం మా పిల్ల రాసినదానికే."

కోడలు అలవాటుగా చెంపలేసుకుంది, ఈసారి కాస్త మెల్లగా.

చెయ్యి పట్టీలో ఉండగానే ఫుట్‌నోట్ గారు పక్కవాళ్ల ఫోను అడిగి పేజీలన్నీ మళ్లీ చదివారు. అందరూ ఎదురుచూశారు. "నేను చేర్చాల్సిందేమీ లేదు," అన్నారు చివరికి. ఆ గదిలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు.

ముగ్గురూ నడిచి ఇంటికి బయల్దేరారు. అత్తగారు ముందు నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్లకూ మా కోడలు రచయిత్రండీ అని పరిచయం చేస్తున్నారు. కోడలికి నేల మీద కాళ్లు ఆనడం లేదు. మలుపు తిరగ్గానే ఇల్లు కనిపించింది.

తలుపు బార్లా తెరిచి ఉంది.