ఉల్లికాడ సంప్రదాయం

ఒక పెద్ద అడవిలో, అదీ మన అడవి కాదు, ఎండ మొహమెరగని మంచు అడవిలో, ఎండల సీమ నుంచి వలసపోయిన జంతువులు కొన్ని కాలక్షేపం చేస్తున్నాయి. ఎక్కడికెళ్ళినా గూటికంటే ముందు సంఘం కట్టుకోవడం వాటి అలవాటు.

సంఘాధ్యక్షుడు నక్క పానకాలు. నియమం ఒకటే: ఇక్కడి తిండి, అంటే ఏటి చేప, ముట్టకూడదు. ముట్టినవాళ్ళకి వెలి. అందుకే సభకు ముందు అందరి నోళ్ళూ వాసన చూస్తారు. మంచి ముక్కున్నవాడని ఆ పని ఎలుగుబంటి బొంతన్నకు అప్పగించారు. అతను పొంగిపోయాడు. సొంత అడవిలో తేనెపట్టు దించేటప్పుడు కూడా అతన్ని పిలిచిన నాథుడు లేడు.

పదవి బాగానే ఉంది గానీ కడుపు మాడిపోతోంది. మంచులో ఇప్పచెట్టు మొలవదు, చెదలపుట్ట లేవదు. సభలో ఇప్పపూల గురించి చెప్పుకుని లొట్టలు వేయడమే భోజనం. బొంతన్నకు కలలో కూడా అవే. మెలకువ వచ్చేసరికి తన పంజా తనే నములుతూ ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి ఏటి ఒడ్డున కూలబడ్డాడు. అక్కడుండే నీటికుక్క జాలిపడి ఒక చేప విసిరింది.

"ఛీ ఛీ! మేం తినం," అన్నాడు బొంతన్న, తింటూనే.

"మీవాళ్ళంతా ఇలాగే అంటార్లే. ఈ ఉల్లికాడ నమిలి వెళ్ళు, వాసన తెలీదు," అంది నీటికుక్క.

చేప బాగుంది. బాగున్నందుకే బొంతన్నకు ఏడుపొచ్చింది. కాస్త కారం తగిలితే ఇంకా బాగుండునని కూడా అనిపించి, తనమీద తనకే అసహ్యం వేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు.

తర్వాతి సభలో అధ్యక్షుడి నోటి దగ్గర ముక్కు పెట్టాడు. ఉల్లికాడ. అడవిపంది వరాలమ్మ నోట ఉల్లికాడ. ఎవరు నోరు తెరిచినా అదే ఘాటు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పానకాలు గొంతు సవరించుకున్నాడు. "చూశారా! ఉల్లికాడ మన తాతముత్తాతల తిండి. ఇంత దూరమొచ్చినా మనం మర్చిపోలేదు."

"మా అమ్మమ్మ ఉల్లికాడ లేందే ముద్ద ఎత్తేది కాదండీ," అంటూ వరాలమ్మ కళ్ళు ఒత్తుకుంది.

అప్పటికప్పుడే తీర్మానం చేశారు. నోట ఉల్లికాడ వాసన వస్తే మనవాడు, రాకపోతే పరాయివాడు. బొంతన్న రెండు చేతులూ ఎత్తి బలపరిచాడు. పాపం, అతనికి ప్రాణం లేచొచ్చింది.

మంచు కరిగాక, సభ జరుగుతుండగా అతని మేనమామ కొండయ్య దిగాడు. వీపున పెద్ద మూట.

"ఒరే బొంతా! చిక్కిపోయుంటావనుకుంటే పొట్ట పెంచావేంట్రా! ఇవిగో ఇప్పపూలు. మీ అమ్మ ఏరి, ఎండబెట్టి పంపింది."

బొంతన్నకు కళ్ళలోనూ నోట్లోనూ నీళ్ళు ఒక్కసారే ఊరాయి.

"ముందు వాసన చూడవయ్యా," అన్నాడు పానకాలు.

చూశాడు. ఇప్పపూల వాసన, తడిమట్టి వాసన, చిన్నప్పటి ఇంటి వాసన. ఉల్లికాడ ఊసే లేదు. ఉందని చెప్పేస్తే పోయేది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళకీ ముక్కులున్నాయి. అనుమానమొస్తే ముందు తన నోరే తెరిపించి, ఉల్లికాడ చాటున చేప వాసన పట్టేస్తారు.

"మనవాడు కాదండీ," అన్నాడు బొంతన్న నేల చూపులు చూస్తూ.

"నిన్ను వీపున మోసి పెంచాను కదరా!" అని కొండయ్య అరుస్తూనే ఉన్నాడు. వరాలమ్మ అతన్ని మూటతో సహా పొలిమేర దాకా గెంటుకుపోయింది.

బొంతన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. మామ కోసం సగం, మూట కోసం సగం. మనదైన తిండి కోసం అయినవాళ్ళనే కాదనుకున్న త్యాగశీలి అంటూ పానకాలు అతనికి శాలువా కప్పాడు.

నీతి: పరాయిచోట మన సంప్రదాయం చెడకుండా ఉండాలంటే, మన ఊరివాళ్ళెవరినీ అక్కడికి రానివ్వకూడదు.