పొట్ట జారీచేసిన ఉత్తర్వులు

ఆ రోజు పొద్దున్న సూపరింటెండెంటు గారు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం తనిఖీకి వచ్చే డైరెక్టర్ గారి ముందు అణకువగా నిలబడి, తన బదిలీ ఆపించుకోవాలి. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. భార్య ఇక్కడి బళ్ళో లెక్కల టీచరు. సర్వీసులో సగం కాలం ఆవిడ ఒక ఊళ్ళో, ఈయన ఒక ఊళ్ళో విడివిడిగా వండుకు తిన్నారు. ఈ వయసులో మళ్ళీ ఆ రెండు పొయ్యిల సంసారం అంటే ఇద్దరికీ బెంగగా ఉంది.

"డైరెక్టర్ గారి సంగతి సరే, డాక్టరు గారు చెప్పింది గుర్తుందా?" అంది ఆవిడ. ఈయన సోఫా చేతులు రెండూ పట్టుకుని, మూలుగుతూ లేవడం ఆవిడ కంటపడింది మరి.

"ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి. రోజంతా."

"ఎందుకట?"

టీచరమ్మ కదా, అప్పజెప్పేదాకా వదలదు. ఆయన అప్పజెప్పాడు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదట. హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుందట. వయసు మీద పడ్డాక ఆ కొవ్వు పెరిగితే, కండను కాపాడే హార్మోను తగ్గిపోయి, కండను కరిగించేవాటి జోరు ఎక్కువవుతుందట.

"అంటే నా పొట్ట హెడ్డాఫీసు అన్నమాట. సిబ్బందిని తగ్గించుకోండి అని కాళ్ళకు రోజూ సర్క్యులర్లు పంపిస్తోంది."

"అయితే కాళ్ళను పనిలో పెట్టండి. పనిచేసేవాళ్ళను ఎవరూ అంత తేలిగ్గా తీసెయ్యరు," అని ఆవిడ చేతిసంచీ తీసుకుని బడికి వెళ్ళిపోయింది.

ఆయనకు ఆఫీసులో 'శిలావిగ్రహం' అని పేరు. కిందివాళ్ళు ఎవరొచ్చినా లేవడం మాట అటుంచి, తల కూడా ఎత్తేవాడు కాదు. అలాంటి మనిషి గదిలో ఒంటరిగా గుంజీళ్ళు తీస్తుంటే, అద్దాల్లోంచి చూసేవాళ్ళేమనుకుంటారు? అందుకని ఓ ఉపాయం ఆలోచించాడు. గదిలోకి ఎవరైనా వస్తే చాలు, లేచి నిలబడటం. ఎలాగూ రోజంతా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వ్యాయామమని ఎవరికీ తట్టదు. తన తెలివికి తనే మురిసిపోయాడు పాపం.

మొదట అటెండరు కాఫీ తెచ్చాడు. సూపరింటెండెంటు గారు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి మెల్లగా లేచి నిలబడ్డాడు. అటెండరు చేతిలో కప్పు టకటకలాడింది. కాఫీ సగం సాసర్లోకి దిగింది.

"నే... నేనే సార్," అన్నాడు వాడు, ఆయన ఇంకెవర్నో అనుకున్నాడేమోనని.

"తెలుసు. వెళ్ళు," అని ఆయన కూర్చున్నాడు. కప్పు తీసుకుందామని వాడు మళ్ళీ వస్తే మళ్ళీ లేచాడు.

వాడు బయటికి పరుగెత్తి చెప్తే ఎవరూ నమ్మలేదు. ఇంతలో కొత్తగా చేరిన టైపిస్టు అమ్మాయి ఫైలు పట్టుకుని లోపలికెళ్ళింది. ఈసారి హాలంతా మెడలు చాచి చూసింది. ఆయన లేచాడు!

"ఇంకేం, ఆ అమ్మాయి డైరెక్టర్ గారి చుట్టం!" అన్నాడు హెడ్ క్లర్కు. ఆ పిల్ల బయటికొచ్చేసరికి తన బల్ల కిటికీ పక్కకు, ఫ్యాను కిందికి చేరిపోయింది.

"నేనెవరికీ చుట్టాన్ని కానండీ బాబూ!" అని ఆ అమ్మాయి మొత్తుకుంది.

"చూశారా, ఎంత నిగర్వో!" అన్నారందరూ.

సంగతేమిటో తేల్చుకుందామని హెడ్ క్లర్కు ఓ పాత ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళాడు. సూపరింటెండెంటు గారు అతనికీ లేచాడు. పైగా లేస్తూ, నొప్పికి, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. హెడ్ క్లర్కు గుండె తరుక్కుపోయింది.

"మనం పొరపాటుపడ్డాం," అన్నాడు హాల్లోకొచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "బదిలీ ఆర్డరు వచ్చేసింది. మనసులో పెట్టుకుని పాపం ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుంటున్నారు. ఇన్నాళ్ళూ మహానుభావుణ్ణి శిలావిగ్రహం అన్నాం!"

ఇక చూడండి. ఓదార్చడానికి ఒక్కొక్కరే బయల్దేరారు. వచ్చినవాళ్ళకల్లా ఆయన లేచాడు. ఒక మాట చెప్పడం మర్చిపోయి వెనక్కొచ్చినవాళ్ళకీ లేచాడు. మధ్యాహ్నానికి ఆయన తొడలు చేతులెత్తేశాయి. సరిగ్గా అప్పుడే డైరెక్టర్ గారి కారు వచ్చి ఆగింది.

హాలంతా లేచి నిలబడింది. డైరెక్టర్ గారు నేరుగా గదిలోకి వచ్చారు. సూపరింటెండెంటు గారు ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు. బల్ల పట్టుకున్నాడు, కుర్చీ పట్టుకున్నాడు. ఊహూఁ! జానెడు లేచి, దబ్బున కూలబడ్డాడు. రెండు పొయ్యిలూ కళ్ళముందు భగ్గుమన్నాయి.

వెనకాలే అటెండరు ఏడుస్తూ జొరబడ్డాడు. "మా సార్‌ను పంపించెయ్యకండి సార్! నాలాంటివాడికి కూడా లేచి నిలబడే మనిషి సార్!"

కొంప ముంచావురా, అనుకున్నాడు సూపరింటెండెంటు.

"ఓహో. అటెండరుకు లేస్తారు, నాకు లేవరా?" అన్నారు డైరెక్టర్ గారు.

ఇక దాచి లాభం లేదు. పొట్ట, హార్మోన్లు, కండలు, పొద్దున్నించీ చేసిన నిర్వాకం అంతా ఏకరువు పెట్టాడు. హాలంతా నోరెళ్ళబెట్టి వింది. డైరెక్టర్ గారు ఒకసారి వంగి, పొట్ట మీద బిగిసిన తన చొక్కా బొత్తాల వైపు చూసుకున్నారు. తరవాత ఎదుటి కుర్చీ లాక్కుని, "అమ్మయ్య!" అని బరువుగా కూర్చున్నారు.

"పొద్దున్నించీ ఏ ఆఫీసుకెళ్ళినా ఇదే గోల. నన్ను చూడగానే అందరూ నిలబడతారు. వాళ్ళు నిలబడితే నేనేం మొహం పెట్టుకుని కూర్చోను? ఇవాళ్టికి కూర్చోనిచ్చిన మొదటి మనిషి మీరే. పైగా మీ అటెండరు ఇంతలా ఏడుస్తుంటే మిమ్మల్ని ఎక్కడికని పంపిస్తాను? ఇక్కడే రిటైరవండి." ఆ ఊపులోనే ఓ ఆర్డరు కూడా వేశారు. ఇకమీదట ఈ ఆఫీసులో ఎవరూ, ఎవరొచ్చినా, లేవకూడదు.

ఆ రాత్రి భార్య ఆయన తొడలకు నూనె రాస్తూ, కథంతా విని పడీపడీ నవ్వింది. "పోనీలెండి, ఒక్క ఇంట్లోనే ఉంటాం," అని ఇంకాస్త నూనె అరచేతిలో వేసుకుంది.

"లేవమని డాక్టరు, లేవొద్దని డైరెక్టరు. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఇంట్లో లేవండి, ఎవరైనా వచ్చినప్పుడు."

"నువ్వు తప్ప ఇంట్లోకి ఎవరొస్తారే?"

కాళ్ళు కుదుటపడ్డాక, ఓ సాయంత్రం ఆవిడ కూరగాయల బుట్టతో హాల్లోకి వచ్చింది. ఆయన పేపరు పక్కన పెట్టి, చేతులు గుండెలకు ఆనించుకుని, నిదానంగా లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడకు ఇది కొత్త. గడపలోనే ఆగిపోయి, ఏం చెయ్యాలో తోచక, "కూర్చోండి, కూర్చోండి," అంది పెద్ద ఆఫీసరులా.

ఆ సాయంత్రం ఆవిడకు వంటింట్లోంచి హాల్లోకి రావలసిన పనులు చాలా తగిలాయి.