ఆఖరి ముద్ద

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ 'కిందామీదా' అంటారు. లిఫ్టు నడిచేదీ అలాగే, ఆయన సంసారం నడిచేదీ అలాగే కదా!

ఆ సాయంత్రం ఏడింటికి ఫైనల్ మ్యాచ్. అంట్లు తోమే వంతేమో కిందామీదాదే. వంటింట్లోంచి టీవీ కనపడదు. ఎంత మెడ సాచినా కనపడేది ఫ్రిజ్ వీపే.

"ఇదిగో, వంతులనేది పాత సిస్టమ్," అన్నాడు భార్యతో, గొంతు సవరించుకుని. "లిఫ్టునే చూడు. తాడు, మోటారు, బరువు, తలుపు. ఒక్క ముక్క మారిస్తే మొత్తం నడకే మారిపోతుంది. ఇల్లూ అంతే!"

"ఏ ముక్క మారుద్దామంటారు? మిమ్మల్నా?" అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆవిడ టైలరు.

"రూలు! ఇవాళ్టి నుంచి ఆఖర్న తిన్నవాళ్ళే అంట్లు తోమాలి."

పథకం పక్కా. అత్తగారికి కట్టుడుపళ్ళు, ఒక్కో ముద్దా ఒక్కో ప్రయాణం. భార్య అందరికీ వడ్డించాకే కూర్చుంటుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు దొరక్కపోరు!

"సరే," అంది భార్య. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది.

రూలు మారగానే మనుషులూ మారిపోయారు. భార్య వడ్డన మానేసి గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసింది. అత్తగారు అన్నం, కూర కలిపి మిక్సీలో తిప్పించుకుని గ్లాసెత్తి గటగటా పట్టించేశారు.

"అత్తయ్యా, అది తినడం కాదు, తాగడం!"

"అయితే నేనసలు తిననే లేదు. పోటీలోనే లేను అల్లుడుగారూ!"

ఇక మిగిలింది మొగుడూ పెళ్ళాలు. భార్య ముద్ద మీద ముద్ద. కిందామీదా నమలడమే మానేశాడు. పొలమారింది. ఎక్కిళ్ళొచ్చాయి. అయినా ఆగలేదు! అర ముద్ద తేడాతో కంచం ఖాళీ చేసి, "అయిపోయింది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, వెళ్ళి సోఫాలో కూలబడ్డాడు.

టీవీలో టాస్ వేస్తున్నారు. భార్య గరిటెతో వచ్చింది.

"ఏవండీ, ఈ కూర రేపటికి దాచనా? రుచేమైనా మారిందేమో చూడండి."

పదేళ్ళ అలవాటు. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి, నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా, చూశావుగా? ఆఖర్న తింటున్నదెవరు?"

"అల్లుడుగారే తల్లీ. కళ్ళారా చూస్తున్నా."

"అఁ... ఇఁ... ఇది తినడం కాదు, రుచి చూడటం!" అన్నాడు కిందామీదా, బుగ్గ నిండా కూరతో.

"అలాగా? అయితే ఉమ్మేయండి. నా వంట అంత నచ్చకపోతే."

మింగితే అంట్లు. ఉమ్మితే అంతకంటే పెద్ద తోముడు. కిందామీదా రెండు క్షణాలు ఆలోచించి, బుద్ధిగా మింగేశాడు.

కాసేపటికి హాల్లోంచి పెద్ద కేక వినపడింది. చేతుల నిండా నురగతో, "ఎవరు గెలుస్తున్నారూ?" అని ఆత్రంగా అరిచాడు.

"మేమే!" అన్నారు తల్లీకూతుళ్ళు.