గౌస్ బాషా గుండెకు వచ్చిన ప్రమోషన్

ఆ సోమవారం ఉదయం గౌస్ బాషా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. డ్యూటీకి వెళ్ళగానే జబ్బు పడాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. ప్రమోషన్ ఆర్డరు చేతికి అందకుండా కొన్నాళ్ళు గడిపేయాలి.

ప్రమోషన్ వస్తుంటే పారిపోయేవాడెవడని బయటివాళ్ళు అడుగుతారు. వాళ్ళకు సర్కారు స్కేళ్ళ సంగతి తెలియదు. గౌస్ బాషా పెదకాకాని దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ అసిస్టెంటు. ఏళ్ళ తరబడి ప్రమోషన్ రానివాళ్ళకు సర్కారు ఆరేళ్ళకోసారి స్కేలు పెంచుతుంది. పై కుర్చీ ఇవ్వదు, ఆ కుర్చీ జీతం ఇస్తుంది. అలా అతను సూపర్‌వైజరు కాకుండానే సూపర్‌వైజరు స్కేలుకు ఎప్పుడో చేరిపోయాడు. ఇప్పుడు కుర్చీ వస్తే పెరిగేది పని ఒక్కటే. పోనీ వద్దని రాసిద్దామంటే, ప్రమోషన్ రాలేదన్న జాలితో ఇచ్చిన స్కేలును, వచ్చినదాన్ని కాదన్నావు కనక అంటూ వెనక్కి లాక్కుంటుంది. ఈ రూలు రాసినాయన ఎవరో కడుపు నిండా తిని రాసుంటాడు.

పైగా ఖాళీ ఉన్నది పర్చూరు అవతల. అతని భార్య నసీమున్నీసాకు పెదకాకానిలో గుడి ముందు గాజుల కొట్టుంది. దర్శనానికొచ్చిన ఆడవాళ్ళు ఆమె చేత గాజులు తొడిగించుకోకుండా బస్సెక్కరు. ఇల్లు మారితే ఆ కొట్టు మూతపడుతుంది. పదేళ్ళు కష్టపడి నిలబెట్టిన కొట్టు. దానికోసమే ఈ జబ్బు. అయితే ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. గాజులు తొడిగేటప్పుడు ఆమె నోట ఏ రహస్యమూ ఆగదు.

సలహా ఇచ్చింది ఇమ్మానుయేలు. అదే కేంద్రంలో అదే ఉద్యోగం, సీనియారిటీలో బాషా తర్వాతివాడు.

"ఆర్డరు చేతికి తీసుకుంటేనేరా ప్రమోషన్. ఫోను ఆపేసి మెడికల్ లీవులో పడుకో. అడ్రసు లేకుండా పోతే వాళ్ళే విసుగెత్తి వదిలేస్తారు."

"ఏం జబ్బని చెప్పమంటావ్?"

"అది నీ ఇష్టం. ఇన్నేళ్ళ సర్వీసుంది, ఒక జబ్బు దొరకదా?"

గౌస్ బాషా బాగా ఆలోచించాడు. జ్వరమంటే వేలు పొడిచి రక్తం తీస్తారు. ఊళ్ళో అందరి వేళ్ళూ పొడిచింది తనే కాబట్టి ఆ బాధ అతనికి తెలుసు. నడుం నొప్పంటే ఎవరూ నమ్మరు. ఛాతీ నొప్పి మేలనిపించింది, దాన్ని పట్టుకునే మిషను తమ కేంద్రంలో లేదు. మిషను లేని చోట ఛాతీ నొప్పి వస్తే ఏం చేయాలో ఏటా ట్రైనింగులో చెబుతారు. ఆ ట్రైనింగులో అతను వెనక బెంచీలో నిద్రపోయేవాడు.

"ఎడం పక్కేనా?" అంది డాక్టర్ శరణ్య. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"కొంచెమేనండి మేడం. ఇంటికెళ్ళి పడుకుంటే తగ్గుద్ది."

"ఇంటికా? ఛాతీ నొప్పి వాణ్ణి ఇంటికి పంపానంటే నన్నూ ఇంటికి పంపుతారు. ఇమ్మానుయేలూ, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి!"

అంబులెన్సు గుడి ముందు నుంచే వెళ్తూ కొట్టు దగ్గర ఆగింది. నసీమున్నీసా ఒక పెళ్ళికూతురికి సగం చెయ్యి గాజులు తొడిగి, మిగతా సగం ఆమెకే వదిలేసి బండెక్కింది. దారిలో ముందు మిర్చి బస్తాల లారీ అడ్డుపడింది. ఘాటుకు గౌస్ బాషా ఆగకుండా దగ్గాడు. పరిస్థితి విషమించిందని అతని ముక్కుకు ఆక్సిజన్ తగిలించారు.

గుంటూరు ఆసుపత్రిలో తీసిన మొదటి ఈసీజీ బాగానే వచ్చింది. అంత బాగా రావడం డాక్టర్లకు నచ్చలేదు, రేపు మళ్ళీ చూద్దామన్నారు. సాయంత్రానికి పొన్నూరు నుంచి బావమరిది మాలిక్ దిగాడు. మాలిక్‌కు ఉద్యోగం లేదు, ఉద్యోగాల మీద ఆసక్తి మాత్రం చాలా ఉంది. మంచం పక్కనే నిలబడి, తోడొచ్చిన ఇమ్మానుయేల్ని అడిగాడు.

"అన్నా, మాట వరసకే అడుగుతున్నా. సర్వీసులో ఉండగా పోతే ఉద్యోగం ఇస్తారంటగా?"

"బావమరిదికి రాదయ్యా. భార్యకో పిల్లలకో ఇస్తారు."

"అక్కకైతే ఏ స్కేలు ఇస్తారు?"

"చదువును బట్టి. పది తప్పినోళ్ళకి అటెండరు స్కేలు."

"నేను పది తప్పలా!" అంది నసీమున్నీసా ఏడుపాపి. "సెకండు క్లాసులో పాసయ్యా."

కళ్ళు మూసుకున్న గౌస్ బాషా వాటిని మరింత గట్టిగా మూసుకున్నాడు.

మర్నాడు జిల్లా ఆఫీసు సూపరింటెండెంటు జానకిరామయ్య గారు బత్తాయిలతో వచ్చారు. ఆయన చాలా మంచి మనిషి. ఆఫీసులో అన్ని ఇబ్బందులూ ఆయన మంచితనం వల్లే వస్తాయి.

"ఫోన్ చేస్తే కలవట్లేదయ్యా. శుభవార్త వింటే గుండె కుదుటపడుద్దని నేనే తెచ్చా" అని ఆర్డరు అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూసి మరీ నొక్కారు.

గౌస్ బాషాకు నిజంగానే చెమట పట్టింది. అది చూసి నసీమున్నీసా సూపరింటెండెంటు గారి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

"గుండె జబ్బు మనిషండీ! పర్చూరు అవతలకి ఎట్టా పంపుతారు? మీకు దండం పెడతా, దగ్గర్లో వెయ్యండి!"

జానకిరామయ్య గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఏ పనికీ తొందరపడే మనిషి కాకపోయినా, మూడో రోజుకే ఆర్డరు మార్పించారు. తీవ్ర అనారోగ్యం కారణంగా గౌస్ బాషాను ప్రస్తుతం ఉన్న కేంద్రంలోనే సూపర్‌వైజరుగా వేశారు. పర్చూరు అవతలి ఖాళీ సీనియారిటీలో తర్వాతివాడికి వెళ్ళింది. ఇమ్మానుయేలు ఆర్డరు పట్టుకుని తనకేం జబ్బు పనికొస్తుందా అని వెతుక్కున్నాడు. ఛాతీ నొప్పి అప్పటికే వాడేశారు.

గౌస్ బాషా మాత్రం హాయిగా ఇంటికొచ్చాడు. కొట్టు నిలబడింది, స్కేలు నిలబడింది. మధ్యాహ్నం మూడింటికి కూడా భార్య ఇంట్లోనే కనపడింది.

"కొట్టు తియ్యలేదా?"

"ఇంకెక్కడి కొట్టండీ! మాలిక్‌కి ఇచ్చేశా. వాడూ ఖాళీగానే ఉన్నాడు. మీ పక్కన మనిషుండొద్దా?"

"నసీం, అసలు నా గుండెకి..." అని మొదలుపెట్టాడు. గుండెకేమీ లేదని తేలితే ఆర్డరు మళ్ళీ పర్చూరు అవతలకి మారుతుంది. ఆమెకు చెబితే ఆ సంగతి సాయంత్రానికి జిల్లా ఆఫీసుకు చేరుతుంది.

"మీ గుండెకి?"

"ఏంలేదు. మంచినీళ్ళియ్యి."

ఆమె నీళ్ళతో పాటు ఉప్పు లేని సొరకాయ కూర తెచ్చింది.

డ్యూటీలో చేరిన రోజున డాక్టర్ శరణ్య అతనికి సూపర్‌వైజరుగా మొదటి పని అప్పజెప్పింది. ఆ కేంద్రం కింద కొత్తగా చేరిన గుండె రోగి ఒకడున్నాడు, ఇంటికెళ్ళి మందులు వేసుకుంటున్నాడో లేదో స్వయంగా చూసి రాయాలి. గౌస్ బాషా సైకిలు మీద తన ఇంటికే వెళ్ళి, కాసేపు కూర్చుని, పేషెంటు సహకరించడం లేదని రాశాడు.