ఛాసీ పంచాయితీ

ఆ రోజు సర్వేయరు పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి తన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపును ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళ్లి, పాసయిన కాగితం తెచ్చి భార్య చేతిలో పెట్టడం. కొండలూ వాగులూ కొలవడానికి ఇరవై రెండేళ్లుగా ఆయన్ని మోస్తున్న బండి అది. భార్య మాత్రం నెలరోజులుగా ఒకే మాట మీద ఉంది. "పాసైతే దాని ఊసెత్తను. ఫెయిలైతే తుక్కు కింద అమ్మేసి చిన్న కారు కొందాం. మళ్లీ మాట మార్చకూడదు." సర్వేయరు ధీమాగా సరేనన్నాడు.

ఆ ధీమాతోనే పొద్దున ఏడింటికి సుత్తి పట్టుకుని జీపు కింద దూరాడు. బండి బరువంతా మోసే ఇనుప చట్రం, అదే ఛాసీ, దాని పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్ మని గట్టిగానే పలికింది. వెనక చక్రం దగ్గర మాత్రం చప్పుడు రాలేదు. సుత్తి లోపలికి పోయింది. లాగితే గుప్పెడు తుప్పు మొహాన రాలింది, కొంత నోట్లోనూ పడింది.

సర్వేయరుకు కోపమొస్తే ముందు మనిషి కావాలి, కారణం తర్వాత వెతుక్కుంటాడు. తుప్పు ఉమ్ముకుంటూ బయటికొచ్చేసరికి గుమ్మంలో భార్య కనిపించింది.

"రోజూ వరండా కడిగి ఆ నీళ్లన్నీ దీని కిందికే తోస్తావు. ఛాసీ పోయింది. నీ కళ్లు చల్లబడ్డాయా?"

"నేను కడిగిన నీళ్లు నేలమీద పారతాయండీ, పైకెగిరి మీ జీపులో దూరవు," అంది ఆవిడ. "పొద్దున్నే నామీద పడకండి."

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆయనకు ఇంకా ఒళ్లు మండింది. గోడ అవతల రిటైరైన హెడ్మాస్టరు మొక్కలకు పైపుతో నీళ్లు పడుతున్నాడు. సర్వేయరు ఆయనమీద ఒంటికాలి మీద లేచాడు.

"మూడేళ్లుగా మీ పైపు నీళ్లు నా బండిమీదే పడుతున్నాయి మాస్టారూ."

"మూడేళ్లుగా పడుతుంటే మూడేళ్ల కిందటే చెప్పాలి. ముప్పై ఏళ్లు క్లాసులో అరిచినవాణ్ణి నేను. నామీద అరవకండి." హెడ్మాస్టరు కుళాయి కట్టేసి, చెప్పులేసుకుని, తేల్చుకుందామని ఇటే వచ్చేశాడు.

మిగిలింది బావమరిది. కిందటేడు ఈ జీపును సముద్రం దాకా తీసుకెళ్లి ఫొటోలు దిగాడు. సర్వేయరు ఫోన్ చేశాడు.

"ఉప్పునీళ్లలో దింపింది నువ్వే కదరా."

"చక్రాలు తడిశాయి బావా, అంతే."

"అబద్ధమాడావంటే నాలుక కోస్తాను."

అరగంటలో బావమరిది ఆఫీసుకు సెలవు పెట్టి మరీ తన కారులో దిగాడు. "నాలుక కొయ్యి, చూస్తాను," అన్నాడు. తమ్ముడి పక్కన అక్క, అక్క పక్కన హెడ్మాస్టరు నిలబడ్డారు.

"వీధి చివర వెల్డరున్నాడు, పదండి," అన్నాడు సర్వేయరు. "ఛాసీ కోసి చూస్తే ఏ నీళ్లో తెలుస్తుంది. తప్పెవరిదైతే వాళ్లు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి." ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు.

వెల్డరు జీపు కింద పడుకుని ఛాసీలో చిన్న ముక్క కోశాడు. అరబకెట్టు నల్లటి బురదనీళ్లు అతని మీద పడ్డాయి. లేచి కూర్చున్నాడు. అతనికీ కోపం వచ్చింది.

"బయట పడ్డ నీళ్లు కావు సార్ ఇవి, లోపల నిలిచినవి. దూరిన నీళ్లు కారిపోవాలని ఛాసీకి అడుగున చిల్లులు పెడతారు. ఎవడో మహానుభావుడు ఒక్కటి కూడా వదలకుండా మూసేశాడు. వాడు గాని దొరికితే ఈ గ్రైండరు వాడికే పెడతాను."

"పాత మెకానిక్కు పనై ఉంటుంది," అన్నాడు సర్వేయరు. పొద్దుట్నుంచీ ఆయన గొంతు తగ్గడం అదే మొదలు.

వెల్డరు రెండు రబ్బరు బిరడాలు పీకి, పైనున్న నల్ల పెయింటు గీకి తుడిచాడు. కింద తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. భార్య అందుకుని చదివింది. "ఎడమ, మూడు. తారీఖు కూడా వేశారు. ఇది ఎడమ, నాలుగు."

బిరడాలకు నంబర్లు వేసే మెకానిక్కు ఎక్కడా ఉండడు. అందరూ సర్వేయరు వైపు చూశారు.

"దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉంది," అన్నాడు హెడ్మాస్టరు.

"నీళ్లు దూరకూడదనే పెట్టాను," అన్నాడు సర్వేయరు. "రెండు ఆదివారాలు కింద పడుకుని, ఒక్కో చిల్లుకీ కొలిచి రబ్బరు చెక్కి, పైన మూడు కోటింగులు కొట్టాను. కన్నబిడ్డలా చూసుకున్నాను దీన్ని." పొద్దుట్నుంచీ మోస్తున్న కోపాన్ని దించడానికి తాను తప్ప ఎవరూ మిగల్లేదు. హెడ్మాస్టరుకు, బావమరిదికి, చివరికి భార్యకు క్షమాపణ చెప్పుకున్నాడు. "పదకొండు దాటింది. ఈ ఛాసీతో తనిఖీకి వెళ్లినా ఫెయిలే. మాటంటే మాటే. తుక్కువాడికి ఫోన్ చెయ్యరా," అన్నాడు.

బావమరిది హుషారుగా ఫోన్ తీశాడు.

"ఆపరా," అంది అక్క. వెల్డరు వైపు తిరిగింది. "ఇది బాగవుతుందా బాబూ?"

"కుళ్లిన ముక్క తీసేసి కొత్త ప్లేటు వేస్తే ఇంకో పదేళ్లు తిరుగుతుందమ్మా. సార్ ముట్టుకోకుండా ఉంటే."

"అయితే వెయ్యి."

సర్వేయరు తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. "మరి చిన్న కారు?"

"వద్దండీ. కన్నబిడ్డలా చూసుకుంటేనే దీని బతుకు ఇలా అయింది. ఇది పోతే మీ శ్రద్ధంతా నామీద పడుతుంది. నాకైతే ప్లేటు వేసేవాడు కూడా దొరకడు."

బావమరిది కారులో ముందు సీటు ఖాళీగానే ఉన్నా, జీపు దక్కించుకున్న సర్వేయరు వాళ్ల మొహం చూడలేక ఇంటికి నడుచుకుంటూ వెళ్లాడు.