వంట క్లాసులో తెల్లపొడి

"నేరస్తుల గుండెల్లో నిద్రపోయే మేధావులు ఈ ప్రపంచంలో ఇద్దరేరా! ఒకణ్ణి నేను. రెండోవాడెవడో ఇంకా పరిశోధించలేదు!"

"గుండెల్లో సంగతి నాకు తెలీదు గానీ బావా, లైబ్రరీలో మాత్రం రోజూ నిద్రపోతున్నావు."

ప్రకటన చేసినవారు స్కూలు లైబ్రరీ మాస్టారు. విన్నవాడు సైన్సు ల్యాబు అటెండరు, అంటే ఆయన బావమరిది. అక్కని ఇచ్చిన పాపానికి మాస్టారు ఏ కేసు పట్టినా సంచీ మోసే భాగ్యం అతనికే దక్కుతోంది. మాస్టారికి 'డేగకన్ను' అనే బిరుదు ఉంది. ఇచ్చిందీ పుచ్చుకుందీ ఆయనే. పిల్లలు మాత్రం ఆయన కళ్లద్దాల మందం చూసి, ఈ డేగ ఎప్పుడు ఎవరిమీద వాలుతుందోనని ముందుగానే దారి వదిలేస్తారు.

సరిగ్గా అప్పుడే వాళ్లు కూర్చున్న ల్యాబు లోపలి గదిలోంచి వంట టీచరు గొంతు వినిపించింది. వరసకేమీ కాకపోయినా అటెండర్ని ఆవిడ తమ్ముడూ అనే పిలుస్తుంది.

"తమ్ముడూ, పనైపోయింది! మొత్తం పొడి చేశాను!"

చివరి రెండు మాటలూ మాస్టారి చెవిలోకి దూరేసరికి ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. పొడిచేశాను! ఆయన బావమరిది మోచెయ్యి పట్టుకున్నారు.

"మొత్తం అందిరా! అంటే ఒక్క పోటు కాదు!"

ఇంతలో టీచరు చిన్న డబ్బా కొంగుకింద పెట్టుకుని బయటికొచ్చింది. మాస్టార్ని చూసి ఉలిక్కిపడింది. "ఎవరికీ చెప్పనని మాటిచ్చావు, గుర్తుందిగా తమ్ముడూ!" అని గొణిగి చరచరా వెళ్లిపోయింది.

"నువ్వూ ఇందులో ఉన్నావా?" అన్నారు మాస్టారు, ఇంట్లోనే పాము దొరికినట్టు.

బావమరిది ఇరుక్కున్నాడు. విషయం చాలా చిన్నది, కానీ చెప్పడానికి వీల్లేనిది. కిందటి వారం వంట క్లాసు అయ్యాక నలుగురు పిల్లలకి కడుపునొప్పి వచ్చింది. కారణం ఇవాళ క్లాసు ముగిసేలోపు తేలాలని, తేలకపోతే గదికి తాళం, టీచరుకి సెలవు అని పెద్ద మేడం చెప్పేశారు. ఆ సెలవు తిరిగి రమ్మనే రకం సెలవు కాదు. అందుకని టీచరు ల్యాబులోంచి ఒక పొడి అడిగింది. నిరపాయకరమైన పొడి. రుద్దేస్తే కంటికి కనపడదు, ఊదా రంగు దీపం వేస్తే మాత్రం మిణుగురులా మెరుస్తుంది. పచ్చి కోడిమాంసం కోసే చెక్కమీద దాన్ని రాస్తే, మాంసంలో ఉండే క్రిములు ఎక్కడెక్కడికి షికారు కెళతాయో పొడి కూడా అక్కడక్కడికి వెళుతుంది. పిల్లలకి ముందే తెలిస్తే ఆ ఒక్కరోజూ బుద్ధిగా ఉంటారు, పరీక్ష పాడైపోతుంది. అందుకే రహస్యం.

"బావా, నువ్వనుకున్నది కాదు..."

"అనుకోవడం మామూలు మనుషుల పని. నేను తేలుస్తాను!"

వంటగది ఖాళీగా ఉంది. మాస్టారు శవం కోసం బల్లల కింద పాకారు, పాత్రల బీరువా తెరిచారు, చివరికి పిండి డబ్బాలోకి కూడా తొంగిచూశారు.

"అందులో శవం ఎలా పడుతుంది బావా?"

"పొడిచింది మొత్తం అని మరిచిపోకు. ముక్కలై ఉండచ్చు!"

అడుగుల చప్పుడయ్యింది. ఇద్దరూ తలుపు వెనక నక్కారు. టీచరు వచ్చి అటూ ఇటూ చూసి, డబ్బాలోని తెల్లపొడిని మాంసం చెక్కమీద చల్లి, శుభ్రంగా రుద్ది, పిల్లల్ని పిలవడానికి వెళ్లింది.

"విషం!" అన్నారు మాస్టారు. ఆయన మీసం గర్వంతో నిటారైంది. "కత్తి కేసు కాస్తా గరళం కేసు అయింది. పోట్లు పోయి పొట్లాలొచ్చాయి!" అంటూ చెక్కని అరచేత్తో తడిమి, వాసన చూసి, మీసం దువ్వుకుని, తీరిగ్గా ఆలోచనలో పడ్డారు.

"చేతులు కడుక్కో బావా."

"సాక్ష్యాన్ని కడిగేసుకోమంటావా? ఎవరి పక్షంరా నువ్వు?"

పిల్లలు బిలబిలా వచ్చారు. వాళ్లతో పెద్ద మేడం కూడా వచ్చి గోడవారగా కుర్చీ వేసుకున్నారు. ఆవిడ ముఖం అప్పటికే తాళం వేసినట్టుంది. టీచరు పాఠం మొదలుపెట్టింది. జుట్లు ముడేశారు, చొక్కా చేతులు మడిచారు, మాంసానికి ఒక చెక్క, కూరగాయలకి వేరే చెక్క. నిజానికి పాఠం ముచ్చటగానే సాగింది. సాగనిది ఒక్కటే: గదిలో డేగ తిరుగుతోంది.

"మాస్టారూ, మీ మఫ్లర్ పొయ్యిమీద పడుతోంది!" అంది టీచరు.

మాస్టారు మఫ్లర్ వెనక్కి విసిరారు. ఆ విసురుకి మోచెయ్యి గిన్నె పిడికి తగలబోయింది. పొయ్యి దగ్గరున్న జడల పిల్ల చటుక్కున పిడిని లోపలికి తిప్పేసింది.

"పిడి బయటికుంటే మరిగే నీళ్లు మీదపడతాయి సార్. మేం మొదటి రోజే నేర్చుకున్నాం."

"నేను పుట్టకముందే నేర్చుకున్నాను!" అంటూ ఆయన వెనక్కి జరిగి నీళ్ల జగ్గు పడేశారు.

"నేల తడిసింది, తుడవాలి!" అని నలుగురు ఒకేసారి అరిచారు.

"తర్వాత తుడుద్దురు గాని. ముందు దేశం!" అని ఆయన పెద్ద మేడం దగ్గరికి వెళ్లి, ఆవిడ చెవికి దోసిలి అడ్డంపెట్టి గుసగుసలాడారు. "మేడం, టీచరు చెక్కమీద తెల్లపొడి చల్లింది. నా కళ్లతో చూశాను."

పెద్ద మేడం కనుబొమలు కలిశాయి. ఇప్పుడు బావమరిది నోరు విప్పితే పరీక్ష పోతుంది, విప్పకపోతే టీచరు పోతుంది. అతను చూపులతోనే టీచర్ని బతిమాలాడు. ఆమె కూడా చూపులతోనే 'ఇంకొక్క నిమిషం' అంది.

మాంసం కోయడం అయింది, చెక్క తుడవడం అయింది. పిల్లలందరూ టీచరు ఎదుటే సబ్బుతో వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు కడుక్కున్నారు. కుళాయి పక్కన మేకుకి వేలాడే తువ్వాలుతో తుడుచుకుని వరసగా నిలబడ్డారు. అంత చక్కగా కడిగిన చేతులు చూసి టీచరు ముఖంలో ధైర్యం వచ్చింది.

"తెరలు వెయ్యి తమ్ముడూ. లైట్లు ఆర్పు."

"చూశారా మేడం! చీకట్లో పని కానిచ్చేస్తుంది!" అని మాస్టారు కేక పెట్టేలోపు ఊదా దీపం వెలిగింది.

గది మొత్తం నోరు తెరిచింది. కడిగిన చేతులన్నీ, ఒక్కటీ మిగలకుండా, తళతళా మెరుస్తున్నాయి.

టీచరు దీపాన్ని ఇంకా దగ్గరికి తెచ్చింది. "ఇదేమిటి... నా ఎదుటే కడుక్కున్నారు కదా! వేలు వేలూ చూశాను!"

పొడి సంగతి ఆమె చెప్పి ముగించగానే పెద్ద మేడం లేచారు. "అంటే పచ్చిమాంసం మీద ఉండే క్రిములన్నీ ఇలాగే అంటుకుంటాయన్నమాట. కడుక్కోవడమైనా నేర్పలేని క్లాసు ఎందుకమ్మా? తాళంచెవి ఇలా ఇవ్వండి."

టీచరు నడుముకున్న తాళంచెవి తీసింది. పిల్లల్లో ఒకరు ముక్కు చీదారు.

"ఆగండి!" మాస్టారు గర్జించారు. "తాళంచెవి తర్వాత, ముందు బేడీలు! హంతకీ, ఎక్కడికీ పారిపోలేవు. డేగకన్ను వాలిందంటే..."

"సార్, అక్కడ నేల తడి!"

"పరిశోధకుడి కాలు జారదు!"

జారింది. కాలు ఉత్తరానికి, కళ్లద్దాలు దక్షిణానికి పోయాయి. పట్టు కోసం గాల్లో ఈదిన చేతికి తువ్వాలు దొరికింది. మేకుతో సహా ఊడొచ్చింది. మాస్టారు దానికింద, దీపం వెలుగులో, పెళ్లికూతురిలా ముసుగేసుకుని కూలబడ్డారు.

ఆ ముసుగు నిండుపున్నమిలా వెలిగిపోతోంది.

"తువ్వాలు!" అంది టీచరు. "ముందు దీంతోనే మాంసం చెక్క తుడిచారు. ఆ తర్వాత దీంతోనే చేతులు తుడుచుకున్నారు. చేతులు కడిగిందీ నిజమే, మళ్లీ అంటుకుందీ నిజమే! మేడం, పోయిన వారం కూడా మేకున ఉన్నది ఇదొక్కటే!"

జడల పిల్ల మళ్లీ చేతులు కడిగి, ఈసారి కాగితంతో తుడుచుకుని దీపం కింద చాచింది. ఒక్క మెరుపూ లేదు. పెద్ద మేడం ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తాళం కోసం చాపిన తన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తాళంచెవి టీచరు దగ్గరే ఉండిపోయింది.

"రేపట్నించి కాగితం రుమాళ్లు. చెక్కలకి వేరే గుడ్డ. క్లాసు మామూలుగానే జరుగుతుంది" అన్నారావిడ. పిల్లలు గోలగోలగా చప్పట్లు కొట్టారు.

అంతలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసుగు తీసిన మాస్టారి మీసం, ముక్కు కొస, రెండు అరచేతులు దివిటీల్లా మండుతున్నాయి. గదిలో ఇంకొకటి కూడా మెరుస్తోంది. అది పెద్ద మేడం కుడి చెవి.

"నా చెవికెలా అంటింది?" అన్నారావిడ తడుముకుంటూ.

"ఆ చెవిలో మా బావ ఊదాడు మేడం" అన్నాడు బావమరిది. మాటిచ్చిన రహస్యం బయటపడింది కాబట్టి ఇక ఆపలేదు. "ఆ మెరిసే మందు ఉండకట్టి ఉంటే టీచరుగారు కల్వంలో నూరి, 'పొడి చేశాను తమ్ముడూ' అన్నారు. మా బావకి 'పొడిచేశాను' అని వినిపించింది. పొద్దుట్నించి శవాన్ని వెతుకుతున్నాడు. పిండి డబ్బాలో కూడా చూశాడు."

టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "హంతకీ అన్నది నన్నేనా మాస్టారూ!"

మాస్టారు కళ్లద్దాలు తడిమి పెట్టుకుని, లేచి, ఠీవిగా మఫ్లర్ సవరించుకున్నారు.

"తువ్వాలు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. కావాలనే జారాను. నేరస్తుణ్ణి పట్టిచ్చాను, ఇంతటితో ఈ కేసు నుంచి చేతులు దులుపుకుంటున్నాను!"

"దులపొద్దు సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. "కడుక్కోండి!"